ఆకుపచ్చగా మారిన పసుపు పువ్వు

కాకినాడ జగన్నాథపురంలో కోపం ముక్కు మీదే పెట్టుకుని తిరిగే ప్రసూన అనే అమ్మాయి ఉండేది. పాపం, ఆ ముక్కు మీదే కళ్లజోడు కూడా ఉండేది. రెండింటికీ చోటు చాలక కళ్లజోడు తరచు జారిపోయేది. కోపం మాత్రం జారేది కాదు.

పెన్సిల్ ముల్లు విరిగితే తమ్ముడి మీద అరిచేది. బస్సు తప్పిపోతే గోడ గడియారాన్ని తిట్టేది. ఏదైనా చెడిందంటే దానికి ఎవరో ఒకరు కారణమై ఉండాలి. ఆ ఒకరు తను మాత్రం కాకూడదు. అదీ ఆమె పద్ధతి.

ఆ వేసవిలో ప్రసూన నీటి రంగుల బొమ్మలు నేర్చుకోవడానికి లీలావతి టీచర్ దగ్గర చేరింది. టీచర్ తన ఇంటి మేడగదిలో రోజూ సాయంత్రం పిల్లలకు నేర్పేవారు. ఆ ఏడు చైనా అలంకారాలు నేర్పుతున్నారు. పింగాణీ పళ్లేల మీద ఉంటాయే, చుట్టలు చుట్టుకున్న మేఘాలు, చేప పొలుసుల్లాంటి అలలు, రేకుల మీద రేకులున్న పెద్ద పువ్వు, అవన్నమాట.

"టీచర్, ఇది మేఘం కాదండి, జాంగ్రీ" అన్నాడు నూకరాజు. వాడు ఆ తరగతిలో అల్లరికి పెద్ద.

"తినకుండా వెయ్యి" అన్నారు టీచర్.

"మరి ఈ పువ్వు క్యాబేజీ కదండి?"

"నోరు మూసుకుని వెయ్యి" అన్నారు టీచర్.

ఆ పువ్వు వెయ్యడానికి ఒకే చేతిలో రెండు కుంచెలు పట్టుకోవాలి. ఒకదానితో రేకు మొదట్లో రంగు పెట్టాలి. అది ఆరేలోగా రెండో కుంచెను ఉత్త నీళ్లలో ముంచి, రంగును అంచు వైపు లాగాలి. అప్పుడు రేకు లోపల చిక్కగా, చివర లేతగా వస్తుంది. చాలామందికి రెండు కుంచెలూ వేళ్లలో చిక్కుపడి కింద పడేవి. ప్రసూనకు మాత్రం చక్కగా కుదిరింది. కోపం సంగతి ఎలా ఉన్నా, ఆమె చెయ్యి మంచిది.

ఊళ్లోని పిల్లల గ్రంథాలయం వాళ్లు తమ చదువుల గదికి బొమ్మలున్న మడత తెర ఒకటి కావాలని అడిగారు. ఆదివారానికల్లా ఇవ్వాలి. అందులో నడిమి బొమ్మే ముఖ్యం. దాన్ని టీచర్ ప్రసూనకూ వీరవేణికీ కలిపి ఇచ్చారు. పసుపు పువ్వు ప్రసూన వంతు. దాని చుట్టూ నీలి మేఘాలు, అలలు వీరవేణి వంతు.

వీరవేణి ప్రసూనకు ఒకటో తరగతి నుంచీ స్నేహితురాలు. తక్కువ మాట్లాడేది. ప్రసూన కోపాన్ని వాన చినుకుల్లా చూసేది. కురిసి వెళ్లిపోతుందిలే అనుకునేది.

ఒక సాయంత్రం ప్రసూన పువ్వులో పెద్ద రేకు వేస్తోంది. పసుపు రంగు పెట్టింది. నీళ్ల కుంచెతో లాగింది. రేకు అంచు ఆకుపచ్చగా మారింది. ఇంకో రేకు వేసింది. అదీ అంతే. పువ్వు నిజంగానే క్యాబేజీలా తయారైంది.

ప్రసూన తన నీళ్ల గ్లాసులోకి చూసింది. నీళ్లు లేత నీలంగా ఉన్నాయి. ఇంకేముంది!

"వేణీ! నా మంచినీళ్లలో నీ నీలం కుంచె కడిగావు కదూ?" అని అరిచింది. ఆ అరుపుకి మేడగదిలో అందరి కుంచెలూ ఆగిపోయాయి.

"నేనెందుకు కడుగుతానే? నా గ్లాసు నాకుంది" అంది వీరవేణి.

"నీ మేఘాల కంటే నా పువ్వు బాగుందని కుళ్లు! దొంగచాటుగా కలిపావు! నా బొమ్మంతా పాడు చేశావు!"

"అది నా బొమ్మ కూడా కదే" అంది వీరవేణి.

లీలావతి టీచర్ వచ్చి గ్లాసు చూశారు. నీళ్లు నీలంగానే ఉన్నాయి. ఆ పక్కన నీలం వాడేది వీరవేణి ఒక్కతే. కష్టపడి తెప్పించిన మంచి కాగితం పాడైనందుకు టీచర్‌కీ కోపం వచ్చింది.

"ఏం వీరవేణీ, ఏమిటిది?"

"నేను కాదండి టీచర్."

"మరి నీలం ఎలా వచ్చింది?"

"నాకెలా తెలుస్తుందండి?"

"వెళ్లి ఆ మూల కూర్చుని అంచు గీతలు గీసుకో. నడిమి బొమ్మ ప్రసూన ఒక్కతే వేస్తుంది" అన్నారు టీచర్.

వీరవేణి ఏడవలేదు. ముఖం మాత్రం ఎర్రబడింది. రంగు మూత గట్టిగా బిగించి మూలకు వెళ్లిపోయింది. "ఇంకుబుడ్డి! ఇంకుబుడ్డి!" అని నూకరాజు అందుకున్నాడు. మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు. ప్రసూనా నవ్వింది.

మర్నాడు ప్రసూన కొత్త కాగితం తీసుకుంది. తనే కొళాయి దగ్గరికి వెళ్లి నీళ్లు పట్టుకొచ్చింది. ఎవరూ ముట్టుకోకుండా గ్లాసుకు ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, కోడిపిల్లలకు తల్లికోడిలా కాపలా కాసింది. పసుపు పెట్టింది. నీళ్ల కుంచెతో లాగింది.

రేకు మళ్లీ ఆకుపచ్చగా మారింది.

అరవడానికి ప్రసూన నోరు తెరిచింది. చుట్టూ చూసింది. వీరవేణి గదికి ఆ చివర ఉంది. ఇంకెవరూ దగ్గర్లో లేరు. ఎవరి మీద అరవాలో తెలియక తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"ఆవులింతా?" అని దూరం నుంచి నూకరాజు అడిగాడు.

ప్రసూన నీళ్ల కుంచెను తెల్లగుడ్డ మీద పెట్టి, బొచ్చు మొదట్లో వేళ్లతో గట్టిగా నొక్కింది. గుడ్డ మీద నీలం చుక్క పడింది. ఇంకా నొక్కింది. ఇంకా పడింది.

అప్పుడు గుర్తొచ్చింది. గొడవకు ముందురోజు టీచర్ వీరవేణి మేఘాన్ని తెగ మెచ్చుకున్నారు. ప్రసూనకు ఒళ్లు మండింది. "ఆ చుట్ట సరిగ్గా తిరగలేదు, ఉండు" అంటూ తన నీళ్ల కుంచెతోనే వీరవేణి నీలాన్ని కాస్త లాగింది. తర్వాత కుంచెను నీళ్లలో అటూ ఇటూ ఆడించి వదిలేసింది. కుంచె పైకి తెల్లగానే కనబడింది. నీలమంతా మొదట్లో దాక్కుంది.

ప్రసూన చెవులు వేడెక్కాయి. గబగబా వెళ్లి, నురగ తెల్లగా వచ్చేదాకా కుంచెను సబ్బుతో కడిగింది. పాడైన కాగితాన్ని మిగతా కాగితాల అడుగున దాచేసింది. ఇంకో కాగితం మీద పువ్వు మొదలుపెట్టింది. ఈసారి బంగారంలా వచ్చింది. కానీ తల ఎత్తినప్పుడల్లా మూలన స్కేలు పెట్టి గీతలు గీస్తున్న వీరవేణి కనబడుతూనే ఉంది.

తరగతి అయ్యాక, మెట్ల కింద చెప్పులు వేసుకునే చోట ప్రసూన వీరవేణిని పట్టుకుంది.

"వేణీ, సారీనే. నీ తప్పేం లేదు. నీలం నా కుంచెలోనే ఉంది" అని చెవిలో గుసగుసలాడింది.

"అంత మెల్లగా చెబుతావేం?" అని అడిగింది వీరవేణి.

"ఎవరైనా వింటారని."

"నన్ను తిట్టినప్పుడు ఎవరైనా వింటారని అనిపించలేదా? నూకరాజు పెట్టిన పేరుతో మా చెల్లి కూడా పిలుస్తోంది. టీచర్ నాకు కుంచె ఇవ్వడం లేదు. నీ సారీ నా ఒక్కదాని చెవిలో పెట్టేసి వెళ్తే, వాళ్ల చెవుల్లో పడ్డది పోతుందా?"

ప్రసూనకు మళ్లీ కోపం వచ్చేసింది. "సారీ చెప్పినా బెట్టు చేస్తావేంటే!"

"నీ కోపానికి మేమందరం ఆగాలి. నా కోపానికి నువ్వు ఒక్కరోజు ఆగలేవా?" అని, వీరవేణి విసవిసా వెళ్లిపోయింది.

ప్రసూన ఇంటికి వెళ్లి తలుపును తన్నింది. పుస్తకం దాచేశావని తమ్ముడి మీద అరిచింది. "నేను మంచం మీదున్నాను, పుస్తకం నీ చేతిలో ఉంది" అన్నాడు తమ్ముడు. చూసుకుంటే నిజమే. ప్రసూన చప్పున కూలబడింది. జీవితంలో మొదటిసారి తన మీద తనకే కోపం వచ్చింది. అది మిగతా కోపాల కంటే చాలా చేదుగా ఉంది.

మర్నాడు మేడగదిలో అందరూ కూర్చున్నాక ప్రసూన లేచి నిలబడింది.

"టీచర్, వీరవేణి... ఆ నీలం... తను కాదండి" అని గొణిగింది.

"వినబడలేదు" అంది మూల నుంచి వీరవేణి.

"వీరవేణి తప్పు కాదండి."

"ఆ రోజు వీధి చివరిదాకా వినబడింది" అంది వీరవేణి.

ప్రసూన గట్టిగా ఊపిరి పీల్చుకుని అరిచింది. "వీరవేణి ఏ తప్పూ చెయ్యలేదు! నీలం నా కుంచెలో ఉంది! నేనే సరిగ్గా కడగలేదు! చూసుకోకుండా తన మీద నింద వేశాను!"

పక్క డాబా మీద వడియాలు పెడుతున్న పెద్దావిడ ఉలిక్కిపడింది. "ఏమైందే పిల్లా? ఎవరు పడ్డారు?" అని కేకేసింది.

"ఎవరూ పడలేదండీ! తప్పు ఒప్పుకుంటున్నానండీ!" అని ప్రసూన తిరిగి కేకేసింది.

"అలాగా! కానీ, కానీ!" అందావిడ.

ఎవరూ నవ్వలేదు. లీలావతి టీచర్ లేచి మూలకు వెళ్లారు.

"కుంచె నొక్కి చూస్తే తెలిసే సంగతి. చూడకుండా నీకు శిక్ష వేశాను. నాదీ తప్పేనమ్మా వీరవేణీ" అన్నారు. ఆ తర్వాత నూకరాజు వైపు తిరిగారు. ఆ చూపుకే వాడు తల వంచుకున్నాడు.

"ఇంక ఆ పేరుతో పిలవనండి టీచర్. ఆయ్" అన్నాడు.

వీరవేణి తన నీలం తెచ్చుకుని ప్రసూన పక్కన కూర్చుంది.

"కోపం పోయిందా?" అని ప్రసూన భయంభయంగా అడిగింది.

"లేదు. ఇంకా చాలా ఉంది. మేఘాలు మాత్రం ఇప్పుడే వేస్తాను" అంది వీరవేణి.

ఇద్దరూ ఒకే కాగితం మీద, ఒక్క మాటైనా లేకుండా బొమ్మ వేశారు. మాట్లాడాలని ప్రసూన నాలుక దురద పెట్టింది. అయినా ఓర్చుకుంది. బంగారు పువ్వు చుట్టూ నీలి మేఘాలు ఒక్కొక్కటే చుట్టుకున్నాయి.

ఆదివారం పొద్దున్న తెరను గ్రంథాలయానికి మోసుకెళ్లాలి. వీరవేణి ఒక పక్క పట్టుకుని చుట్టూ చూసింది.

"ఏమే ప్రసూనా, అలా చూస్తూ నిలబడతావేం? ఆ చివర పట్టుకో" అంది.

ప్రసూన పరుగున వెళ్లి పట్టుకుంది.

నలుగురిలో వేసిన నిందను చాటుగా చెప్పిన క్షమాపణ తుడిచెయ్యదు; ఆ నింద ఎవరెవరు విన్నారో వాళ్లందరి ముందూ తప్పు ఒప్పుకున్నప్పుడే అది తుడుచుకుపోతుంది.