జకరయ్య తాత గిన్నె కేకులు

అనగనగా ఒక ఊళ్ళో, బస్సులు ఆగే చోట, ఒక బేకరీ ఉండేదిరా కన్నా. అది జకరయ్యది. ముప్పై ఏళ్ళుగా అదే బట్టీ, అదే మనిషి, అదే మొండితనం. ఆయనకి ఒక మనవరాలు, సలోమి. నీకంటే రెండేళ్ళు పెద్దదే కానీ, నీలో సగం ఉండేది.

ఆ పిల్లకి ఏం తిన్నా పొట్ట ఉబ్బిపోయేది, మెలితిప్పేది. అప్పుడు డాక్టరమ్మ చూసి, "ఈ పిల్ల పేగులకి గోధుమ పడదు. మైదా, రవ్వ, చిటికెడు కూడా ముట్టనివ్వకండి" అంది. బేకరీ ఇంట్లో పుట్టిన పిల్లకి ఎంత శిక్షో చూడు.

సలోమి ఏడవలేదు. "నేను తినే కేకు ఒక్కటి చేసిపెడతావా తాతా?" అని మాత్రం అడిగింది.

అప్పుడు జకరయ్య జొన్నలు మరలో ఆడించి పిండి తెచ్చాడు. పొట్టకి చలవ అని పెరుగు కలిపాడు. మాగిన అరటిపండు, సపోటా పిసికి వేశాడు, చాక్లెట్ తురిమాడు. చిన్న గిన్నెల్లో పోసి కాల్చాడు. వాటిని మఫిన్లంటారులే, మనకి గిన్నె కేకులు. సలోమి కళ్ళు మూసుకుని ఇష్టంగా తింది. సాయంత్రానికి పొట్ట పట్టుకుని మంచమెక్కింది.

"గోధుమలు ఆడిన మరలోనే నా జొన్నలూ పోశావు" అని పిండిమర వాడి మీద అరిచి వచ్చాడు జకరయ్య. ఆ తర్వాత జొన్నలు తనే తిరగలిలో విసిరి మళ్ళీ చేశాడు. సలోమి తింది. మళ్ళీ మంచమెక్కింది.

ఈసారి, చాక్లెట్‌లో ఏదో కలిపారని కొట్టువాణ్ణి తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అదీ ఆయన వరస. పట్నం నుంచి వేరే చాక్లెట్ తెప్పించి మూడోసారి చేశాడు. మూడోసారీ తింది పిచ్చితల్లి. రెండు రోజులు లేవలేదు.

అప్పుడేమన్నాడో చెప్పడానికి నాకు నోరు రావట్లేదురా. "నువ్వే దొంగచాటుగా బిస్కెట్లు తింటున్నావు" అని ఆ పిల్లనే అన్నాడు.

సలోమి తల అడ్డంగా ఊపింది. "లేదు తాతా. ముందు గిన్నెల్లో తెల్లపిండి చల్లుతావే, అది మంచిదేనా?" అంది.

జకరయ్య తన చెయ్యి చూసుకున్నాడు. కేకు అంటుకోకుండా గిన్నెకి నెయ్యి రాసి మైదా చల్లడం ముప్పై ఏళ్ళ అలవాటు. మూడుసార్లూ చల్లాడు. మనిషికి తెలియకుండానే చెయ్యి చల్లేసింది. ఊళ్ళో అందర్నీ అనుమానించాడు కానీ, ఆ చేతిని అనుమానించలేదు.

"చూశావు కదే, మరి ఎందుకు తిన్నావు?" అన్నాడు.

"నువ్వు పెట్టావు కదా తాతా."

ఆ మాటకి ఆయన తిన్నగా బేకరీకి నడిచాడు.

మైదా బస్తాలన్నీ కొట్టుకి తిరిగి ఇచ్చేశాడు. బేకరీ మొత్తం కడిగాడు. కొత్త గిన్నెలు కొని, నెయ్యి మాత్రమే రాసి చేశాడు. ఈసారి ఏ తప్పూ లేదు. పళ్ళెంలో పెట్టి మంచం దగ్గరికి తెచ్చాడు.

సలోమి చెయ్యి చాపింది. పళ్ళెం పట్టుకున్న తాత చేతి వంక చూసింది. తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసేసుకుంది. "ఇవాళ ఆకలి లేదు తాతా, రేపు తింటాను" అంది.

మర్నాడూ చేశాడు. మర్నాడూ అదే మాట. రోజూ చేస్తాడు, రోజూ చేతులు కడుక్కుని ఆ పిల్లకి చూపిస్తాడు, రోజూ పళ్ళెం అలాగే తిరిగొస్తుంది.

ఏంటీ, చివరికి తిందా అనా? తిందని చెప్పాలనే ఉంది నాకూ. తినలేదురా. దుప్పటి కప్పుకో.

కథ కంచికి, మనం ఇంటికి,
తాత కేకు అందలేదు పాప పంటికి,
కునుకు పట్టలేదు తాత కంటికి.