నీలవేణి పచ్చచీర

మణిగిరి రాజు జయకేతుడికి కోపమొస్తే ఏరునైనా నిలదీస్తాడు. ఆ రోజు నిలదీసింది నీలవేణి నదినే.

"ఏటేటా గట్టు కోసేస్తోంది! ఈ వానల్లో మళ్ళీ విరిగిందా, పడవవాళ్ళ పేట ఖాళీ చేయించడమే. గట్టు నిలిపినవాడికి నా కంకణం ఇస్తాను" అన్నాడు.

ఉత్సవాల అధికారి శరభయ్య మీసం దువ్వాడు. ఏటా మేళతాళాలతో నదిలోకి పట్టుచీర విసిరే పెద్దమనిషి ఆయనే.

"నీలవేణి మన ఇంటి ఆడపడుచు, ప్రభూ. అలిగింది. ఈసారి చీరకు జరీ అంచు పెంచుదాం."

విదూషకుడు తిప్పన ఆ పేటలోనే పుట్టాడు. తల్లి ఇంకా అక్కడే ఉంది. కడుపు మండినా నవ్వుతూ లేచాడు.

"విసిరికొడితే ఏ ఆడపడుచు కట్టుకుంటుంది, ప్రభూ? నేను పచ్చచీర తెస్తాను. ఒంటికి కట్టి మరీ చూపిస్తాను."

సభ గొల్లుమంది. తిప్పన మాత్రం పేటవాళ్ళను పోగేశాడు. నిట్టనిలువు గట్టును ఏటవాలుగా చెక్కారు. అడుగున వెదురు గుంజలు దిగ్గొట్టి, వావిలి కొమ్మలతో దడి అల్లారు. పైనంతా వట్టివేళ్ళ గడ్డి దుబ్బులు నాటారు. తొలకరికి అవి వేళ్ళు తన్నాయి. మొదటి వరద దడిని రాసుకుంటూ, గొణుక్కుంటూ పోయింది. గట్టు నుంచి పెళ్ళ కూడా రాలలేదు.

శరభయ్యకు అన్నం సయించలేదు. రాజుగారు గట్టు చూడటానికి వస్తున్నారనగానే తన గుర్రాలను అక్కడికి తోలించాడు. అవి మేసినంత మేసి, తొక్కినంత తొక్కాయి.

తిప్పన తలపాగా జారిపోతున్నా ఆగకుండా సభలోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఘోరం, ప్రభూ! పట్టపగలు మన ఇంటి ఆడపడుచు చీర లాగేశారు!"

రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. "ఎవడు వాడు?"

"పేరు తర్వాత చెబుతాను. ముందు శిక్ష సెలవియ్యండి."

మర్యాదల సంగతి వస్తే తనకన్నా ముందు ఇంకొకరు నోరు తెరవడం శరభయ్యకు గిట్టదు.

"ఆలోచనేముంది, ప్రభూ! వాడు అందరి ముందూ ఆమె కాళ్ళమీద పడాలి. లాగిన చీర తన చేతులతోనే తిరిగి పెట్టాలి!" అని గర్జించాడు.

"అలాగే కానివ్వండి" అన్నాడు రాజు.

తిప్పన తాపీగా తలపాగా సర్దుకున్నాడు.

"అయితే పంచె ఎగ్గట్టండి, శరభయ్యగారూ. మా నీలవేణి చీరచెంగు మీ గుర్రాల నోట్లో ఇంకా వేలాడుతోంది!"

రాజు కిటికీలోంచి చూశాడు. వాకిట్లో, పేటవాళ్ళు గట్టు నుంచి తోలుకొచ్చిన గుర్రాలు ఇంకా పచ్చగడ్డి నములుతున్నాయి. అంతే, పొట్ట పట్టుకుని నవ్వాడు.

సాయంత్రం శరభయ్య మోకాటిలోతు బురదలో వంగి దుబ్బులు నాటుతుంటే పేటంతా గట్టెక్కి చూసింది. రాజు కంకణం తీసి తిప్పన చేతికి తొడిగి, "ఈ పేట ఎక్కడికీ కదలదు" అన్నాడు.

తిప్పన తల్లి ఇంకో దుబ్బు అందిస్తూ శరభయ్య వైపు వంగింది.

"కుచ్చిళ్ళు కుదరలేదు బాబూ. మళ్ళీ పెట్టండి!"