గట్టు దాటిన సుంకులమ్మ

ప్రశ్న అడిగితే కోదండపాణి గారు జవాబు చెప్పరు. కండువా భుజాన వేసుకుని లేస్తారు; అడిగినవాడు వెంట నడవాలి. చిదంబరానికి ఆ సంగతి తెలుసు. తెలిసే ఆ పొద్దున అడిగాడు.

"గురువుగారూ, ఎవరి మనసు వాళ్ళు బాగుచేసుకుంటే చాలదా? పక్కవాడి గొడవ మనకెందుకు?"

అడగడానికి కారణం ఉంది. కుటీరంలో తనతో ఉండే నాగభూషణంతో అతనికి నెల రోజులుగా మాటల్లేవు. ఇద్దరూ చెరో గోడకు తిరిగి పడుకుంటున్నారు. ఇక కొండమీదికి పోయి ఒంటరిగా జపం చేసుకుందామని చిదంబరం మూట కూడా కట్టుకున్నాడు.

గురువుగారు లేచి, ఆశ్రమం వెనక ఉన్న సుంకులమ్మ మొక్కజొన్న చేను వైపు నడిచారు. ఆమెకున్నది ఆ ఎకరన్నరే. ఏడాది తిండి అందులోంచే రావాలి. దానికి కత్తెర పురుగు పట్టింది. ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, ఆఫ్రికా అంతా మేసి, మన నల్లరేగడి దాకా వచ్చిన పురుగు అది. పది రోజులుగా సుంకులమ్మ ఆకాకూ తిప్పి గుడ్లు నలుపుతోంది, లోపలి పురుగు ఒరిపిడికి చచ్చేలా ప్రతి మొక్క సుడిలో చిటికెడు ఇసుక పోస్తోంది. అయినా తెల్లారేసరికి ఆకుల మీద మళ్ళీ కొత్త గుడ్లు.

వీళ్ళు వెళ్ళేసరికి ఆమె తన చేలో లేదు. గట్టు దాటి పెద్దోబులేసు చేలో ఇసుక పోస్తోంది. ఆ గట్టు గురించే ఇద్దరికీ రెండేళ్ళ నుంచి తగాదా. దేశాలు గెలిచి వచ్చిన పురుగుతో తానేం కొట్లాడగలనని పెద్దోబులేసు ఎప్పుడో చేతులెత్తేశాడు. అతని చేలో పురుగు హాయిగా పెరుగుతోంది.

అంతలో అతనే వచ్చాడు, చేతిలో కర్రతో.

"నా చేన్లో నీకేం పని?"

సుంకులమ్మ తలెత్తలేదు. "నీ చేన్లో పురుగుకు నా చేన్లో పనుండాదే. నాకు నీ చేన్లో పనుండదా?"

పెద్దోబులేసు కోపం తెచ్చుకోవాలని గట్టిగానే ప్రయత్నించాడు గానీ నవ్వు ముందొచ్చేసింది. కర్ర గట్టున పడేసి, "ఇసుక ఇట్లా తే వదినా" అన్నాడు. రెండేళ్ళ తర్వాత వరస పెట్టి పిలవడం అదే. కాసేపటికి అతని భార్య, కూతుళ్ళు వచ్చారు. గురువుగారు పంచె ఎగ్గట్టి సాల్లోకి దిగారు. చిదంబరం కూడా దిగక తప్పలేదు. ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటూ మధ్యాహ్నానికి రెండు చేలూ చుట్టేశారు. తగాదా పడ్డ గట్టు మీదే కూర్చుని సద్దిమూటలు విప్పారు. ఎర్ర కారం నాలుక మండిస్తుంటే చిదంబరానికి ఎన్నాళ్ళకో ఒళ్ళంతా సంతోషంగా అనిపించింది.

తిరుగుదారిలో అతను ఉండబట్టలేక, "నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు, గురువుగారూ" అన్నాడు.

ఆయన అరచేతుల ఇసుక దులుపుకున్నారు.

"నాయనా, నీకు పక్క చేను ఎవరిది?"