సన్యాసమ్మ గేదె ఈనిన రోజు

కొండవాగు ఒడ్డున చిన్న ఆశ్రమంలో శరభయ్యగారనే గురువు ఉండేవారు. శిష్యుడు సోమనాథం ఒకరోజు ఆయన్ని అడిగాడు.

"గురువుగారూ, జపంలో కూర్చున్నంతసేపు నాకు కొండంత ధైర్యం. లేచానంటే చీమ చిటుక్కుమన్నా గుండె ఝల్లుమంటుంది. నా నమ్మకం ఉత్తదేనంటారా?"

ఆయన ఖాళీ చెంబు అతని చేతికిచ్చారు. "పాలు నిండుకున్నాయి. సన్యాసమ్మ ఇంటికెళ్లి పట్టుకురా నాయనా," అన్నారు.

అవి ఊడ్పుల రోజులు. ఊరంతా పొలాల్లో ఉంది. సన్యాసమ్మ మాత్రం పశువులపాకలో గేదె పక్కన మోకాళ్లమీద కూర్చుని ఉంది. ఆమెకు రెండు గేదెలు. ఇల్లు గడిచేది వాటిమీదే. అందులో చూలుగేదె పొద్దుటినుంచి నొప్పులు పడుతోంది. దూడ ముందుకాళ్లు బయటికొచ్చాయి, తల రావడం లేదు. పశువుల డాక్టరు కోసం వాగు దాటి వెళ్లిన భర్త, వాగు పొంగడంతో అవతలే చిక్కుకుపోయాడు.

"బాబూ, సమయానికొచ్చినావు. గోనెగుడ్డ చుట్టి ఆ కాళ్లు పట్టుకో!"

"నాకు భయంగా ఉందమ్మా. ఎప్పుడూ చెయ్యలేదు."

"నాకేటి బయం లేదనుకున్నావా? లోపలంతా దడదడలాడిపోతంది. నువ్వు పట్టుకో, నేను అప్పన్నని కేకేస్తాను."

సోమనాథం పట్టుకున్నాడు. గేదె ముక్కినప్పుడల్లా ఇద్దరూ లాగారు. సన్యాసమ్మ కొండమీది దేవుణ్ణి పక్కింటివాణ్ణి పిలిచినట్టు పిలిచింది. "అప్పన్నా! సింహాద్రప్పన్నా! కొండమీద కూకుంటే ఎలాగ తండ్రీ? దిగిరా! ఓ చెయ్యెయ్యి!"

చాలాసేపు ఏమీ కదల్లేదు. గేదె మూలుగు సన్నబడింది. ఆమె గొంతు బొంగురుపోయి, మాట పెగలక ఆగింది. అప్పుడు పాక దద్దరిల్లేలా "అప్పన్నా!" అని మరో కేక లేచింది. అది తనదేనని సోమనాథానికి ఆ క్షణాన తెలియనే లేదు. మరుక్షణం తల బయటపడింది, దూడ జారి అతని ఒళ్లోకే వచ్చింది. వెల్లకిలా పడ్డాడు.

దూడలో చలనం లేదు. సన్యాసమ్మ దాని ముక్కులోని జిగురు తీసింది. అతను గడ్డి తీసుకుని దాని పక్కలు రుద్దాడు, ఆపకుండా రుద్దాడు. దూడ ఒక్క తుమ్ము తుమ్మింది. తల విదిలించి, సన్నగా అరిచింది.

"పెయ్యదూడ బాబూ! మాలచ్చిమి!" అంటూ ఆమె ఏడుస్తూ నవ్వింది. సోమనాథం బురదలో అలాగే పడుండి, చిన్నపిల్లాడిలా పకపకా నవ్వాడు. గేదె తలతిప్పి దూడను నాకడం మొదలుపెట్టింది.

దీపాలు పెట్టే వేళకు అతను జున్నుపాల చెంబుతో ఆశ్రమానికి చేరాడు. ఒళ్లంతా పేడ, జుట్టులో గడ్డి. వాకిట్లోనే నిలబడి, జరిగినదంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాడు. గురువుగారు మధ్యలో ఒకటి రెండుసార్లు నవ్వారు.

చివర్లో అతని గొంతు తగ్గింది. "కానీ గురువుగారూ, మొదటినుంచీ చివరిదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయండీ."

శరభయ్యగారు చెంబు అందుకున్నారు.

"అప్పన్నకి దొరికేవి వణికే చేతులే నాయనా. పోయి కడుక్కురా, జున్ను వండుకుందాం."