తెల్ల మట్టిలో పదకొండు అడుగులు

అనగనగా ఒక అడవిలో జింకలకు బంతాటంటే ప్రాణం. తీగలతో అల్లిన బంతిని గిట్టలతో తన్నుతూ ఆడేవి. మగజింకలది ఒక జట్టు, ఆడజింకలది ఒక జట్టు. రెండింటికీ ఆట ఒక్కటే, నియమాలూ ఒక్కటే.

మిగతావేవీ ఒక్కటి కావు. మగజింకలు సాయంత్రం చల్లబడ్డాక ఏటి ఒడ్డు పచ్చికలో ఆడేవి. ఆడజింకలు మిట్టమధ్యాహ్నం కొండ కింద రాతినేల మీద ఆడేవి. ఆట అయ్యాక మగజింకకు పది మోపుల పచ్చగడ్డి, ఆడజింకకు మూడు.

ఆడజింకల నాయకురాలు సిరిచుక్క. ఆ జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తేది జాజి. పోటీలు మొదలయ్యే ముందు ఒకరోజు జాజి ముందుకాలి గిట్ట చీలింది.

"అక్కా, ఇంకా ఆ రాళ్ల మీదే ఆడితే ఈ కాలు పోతుంది. ఆట సరే, పులి వస్తే నా గతేంటి?" అంది జాజి.

"మానేద్దామా?"

"మానేస్తే ఆడజింకలకు ఆట వద్దట అని జట్టునే తీసేస్తారు."

సిరిచుక్క గడ్డి పంచే ఎలుగుబంటి భీమన్న దగ్గరికి వెళ్లింది.

"భీమన్న మావా, మూడు మోపులతో ఒంట్లో సత్తువ నిలవడం లేదు. మాకూ పది ఇవ్వు."

"మీ ఆటకు ఎవరొస్తున్నారే? వాళ్ల ఆటకైతే అడవంతా వస్తుంది," అన్నాడు భీమన్న తేనె నాకుతూ.

తర్వాత ఆటల వేళలు నిర్ణయించే కోతి చెంగన్న దగ్గరికి వెళ్లింది.

"మధ్యాహ్నం ఆ రాయి పెనంలా కాలుతుంది. చూసేవాళ్లు ఎలా వస్తారు? మాకూ పచ్చిక ఇవ్వు."

"చూసేవాళ్లే లేని ఆటకు పచ్చిక ఎందుకు తల్లీ?" చెంగన్న కొమ్మ మీద పడిపడి నవ్వాడు. "అయినా మీరు తేలికైనవాళ్లు. రాళ్ల మీద ఎగిరినా తెలీదు!"

చివరికి అడవి పెద్ద అయిన ఏనుగు దంతయ్య దగ్గరికి వెళ్లింది.

"తాతా, ఒక్కసారి వచ్చి మా నేల చూడు. ఇంకేమీ అడగను."

దంతయ్య చెడ్డవాడు కాదు. కానీ అప్పుడు స్నానం చేస్తున్నాడు. రాతినేల నాలుగు బారల దూరంలోనే ఉంది.

"పోటీలు అయిపోనీ అమ్మా, అప్పుడు చూద్దాం," అన్నాడు. తొండంతో వీపు మీద ఇంకాసిని నీళ్లు చల్లుకున్నాడు.

ఆ ఏడాది మగజింకలు రెండో ఆటలోనే ఓడిపోయాయి. ఆడజింకలు చివరిదాకా వచ్చాయి. మండుటెండలో, అదే రాతినేల మీద, పక్క కొండ జట్టును ఓడించాయి. గెలిపించిన దెబ్బ జాజిదే.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. గెలిచిన పదకొండు మందీ తడి తెల్లమట్టి పలక మీద తలా ఒక అడుగు వేయాలి. ఆ పలకను అడవి పెద్ద ఎత్తి అందరికీ చూపించాలి. అందుకని దంతయ్యకు రాక తప్పలేదు. పక్కనే మగజింకల పాత పలకలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నీ సున్నంలా తెల్లగా ఉన్నాయి.

ఆడజింకలు ఒక్కొక్కటే వచ్చి అడుగు వేసి తప్పుకున్నాయి. దంతయ్య పలక ఎత్తాడు. కేకలు వేయడానికి అందరూ నోళ్లు తెరిచారు. ఒక్క కేకా రాలేదు.

పదకొండు అడుగులూ ఎర్రగా ఉన్నాయి.

"ఈ రంగు ఎవరు పూశారమ్మా?" అన్నాడు దంతయ్య.

"ఎవరూ పూయలేదు తాతా. అవి మా కాళ్లు," అంది సిరిచుక్క.

చెంగన్న కొరికిన పండు నోట్లోనే ఉండిపోయింది. భీమన్న పాత పలకల వంక చూశాడు, కొత్త పలక వంక చూశాడు, తల దించుకున్నాడు. దంతయ్య పలక కింద పెట్టి రాతినేల మీదికి నడిచాడు. నాలుగు అడుగులు వేశాడు. అయిదో అడుగు వేయలేకపోయాడు.

"ఈ చివరి అడుగు సగమే పడింది. ఎవరిది?" అన్నాడు తిరిగి వచ్చి.

"నాదే," అంది మూడు కాళ్ల మీద నిలబడ్డ జాజి. "అక్క నీ దగ్గరికి వచ్చిన రోజైతే ఈ కాలు మానేది తాతా. ఇక మానదు."

మర్నాటి నుంచి పచ్చిక రెండు జట్లదీ అయింది. సాయంత్రాలు వంతులవారీగా పంచారు. ఎవరికైనా పది మోపులే. ఆడజింకల మొదటి సాయంత్రం ఆటకు ఎంతమంది వచ్చారంటే, చెంగన్నకు కూర్చోవడానికి కొమ్మ దొరకలేదు.

జాజి ఆడలేదు. పరిగెత్తలేని జింకను పులి వదలదు కదా పిల్లలూ. అందుకే రోజూ జాజి ఏటికి నీళ్లు తాగడానికి వెళ్లేటప్పుడు దంతయ్య పక్కన నడుస్తాడు. ఆ కుంటి నడకను దాటిపోకుండా, మెల్లగా నడుస్తాడు.

నీతి: ఒకే ఆట ఆడేవారికి ఒకే నేల, ఒకే ప్రతిఫలం ఇవ్వాలి. అన్యాయం జరుగుతోందని చెప్పిన రోజే వెళ్లి చూడాలి. ఆలస్యంగా చేసిన న్యాయం పోయిన కాలిని తెచ్చి ఇవ్వలేదు.