మొగలిలంక మధ్యలో ముళ్ళకంచె

అనగనగా ఒక ఊరు. ఆ ఊరు గట్టు మీద లేదు తల్లీ, గోదారి సముద్రంలో కలిసేచోట నీళ్ళ నడుమ ఉంది. పేరు మొగలిలంక. ఇటు జరుగు, దుప్పటి కప్పుకో. ఈ కథ చెప్తుంటే నాకు కోపం వస్తుంది. గొంతు పెద్దదైతే నిన్ననుకునేవు, నిన్ను కాదు.

ఆ లంకలో తూర్పు సగమంతా కొబ్బరి తోటలు, మంచినీళ్ళ బావులు. పడమటి సగంలో ఉప్పుటేరు, పడవల రేవు. తూర్పున కాయలు ఒలిచి, ఆ డొక్కల్ని, అదే పీచుతొక్కల్ని, పడమటికి మోసుకెళ్ళి ఉప్పుటేట్లో నానబెట్టేవాళ్ళు. నానాక కర్రలతో చితక్కొట్టి, పీచు తీసి, మోకులు పేనేవాళ్ళు. మోకులంటే పడవలు కట్టే లావు తాళ్ళు. మొగలిలంక మోకంటే రెండు ఒడ్ల పడవవాళ్ళూ ఎగబడి కొనేవాళ్ళు. ఒక్క సగంతో మోకు తయారవదు, రెండు సగాలూ కావాలి. అది లంకలో పసిపిల్లకి కూడా తెలుసు.

తెలియనిది ఇద్దరికే. తూర్పు ఒడ్డు జమీందారుకి, పడమటి ఒడ్డు జమీందారుకి. లంక నాదంటే నాదని ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. కొట్టుకున్నదీ వాళ్ళు కాదులే, వాళ్ళ బంట్లు. అప్పుడు ఇద్దరికీ అలుపొచ్చి, రొట్టె తుంచుకున్నట్టు లంకని చెరిసగం చేసుకున్నారు. మధ్యలో ఈ నీటి నుంచి ఆ నీటిదాకా తుమ్మముళ్ళ కంచె వేయించారు.

అంతటితో ఊరుకున్నారా? తాతలు తూర్పు ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళంతా తూర్పు సగంలో, పడమటి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళంతా పడమటి సగంలో ఉండాలని చాటింపు వేయించారు.

తూర్పు సగంలో వరాలు అని ఒకావిడ ఉండేది. ఆవిడ తాత పడమటి ఒడ్డు నుంచి వచ్చాడట. అదే ఆవిడ నేరం. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే బంట్లు వచ్చారు. వరాలునీ, మొగుడు సూరన్ననీ, చంకలో కూతురితో సహా కంచె దాటించేశారు. అదే పొద్దున పడమటి సగంలో ఉన్న కాసులమ్మని, ఆవిడ పిల్లల్ని, చూపులేని ముసలి అత్తగారిని తూర్పుకి తోలారు. కాసులమ్మ ఇంట్లో వరాలుని పెట్టారు. వరాలు ఇంట్లో కాసులమ్మని పెట్టారు. ఒకళ్ళ పొయ్యి మీద ఒకళ్ళు వండుకోవాల్సి వచ్చింది. చూశావా, ఎంత ఘోరమో!

ఆ తర్వాత తూర్పున డొక్కలు గుట్టలు పడి, వాటిలో పాములు చేరాయి. పడమట ఉప్పుటేరు ఉత్తినే పారింది. డొక్క కంచె దాటాలంటే తూర్పు బంటుకి సుంకం, పడమటి బంటుకి ఇంకో సుంకం. అంత కట్టి మోకు పేనితే కొనేదెవరు? పడవవాళ్ళు వేరే ఊళ్ళకి పోయారు.

నీళ్ళకీ అదే గతి. పడమటి సగంలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. మంచినీళ్ళ కుండ కంచె దాటాలన్నా సుంకమే. ఒక ఎండాకాలం వరాలు చేతిలో ఏమీ లేదు. కూతురు దాహమని ఏడ్చి ఏడ్చి ఆ ఉప్పునీళ్ళే తాగేసింది. వాంతులు పట్టుకున్నాయి. వరాలు పిల్లని భుజాన వేసుకుని కంచె దగ్గరికి పరిగెత్తింది. ముళ్ళ సందులోంచి తన బావి గిలక కనిపిస్తోంది.

"నాయనా, అది నా బావే. ఒక్క చెంబుడు నీళ్ళు" అంది.

"దొరగారి హుకుం లేదు" అన్నాడు బంటు.

పిల్ల బతికిందిలే, అలా చూడకు. రేవులో ఒక చేపల పడవాయన తను తాగే కుండ ఇచ్చేశాడు. బతికింది కానీ వరాలు కడుపులో మంట ఆరలేదు. జమీందారు మేడలో ఉంటాడు, కంటికి కనపడడు. అందుకని ఆ మంటంతా కాసులమ్మ మీదకి మళ్ళింది. నా బావి నీళ్ళు అది తాగుతోంది కదా అని.

బంట్లు ఊరుకుంటారా, చాడీలు మోశారు. "కాసులమ్మ నీ పనసచెట్టు నరికించింది" అని ఇటు చెప్పారు. "వరాలు నీ ఆవుని పిండుకుంటోంది" అని అటు చెప్పారు. అబద్ధాలు కావవి. ఎందుకలా జరిగిందో మాత్రం చెప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. లంకని కలపండి బాబూ అని రెండు వైపులా జనం మొత్తుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు జమీందార్లు కంచె పక్కన పందిరి వేయించి సభ పెట్టారు.

మొదటి సభలో, కలిసిన లంకని ఏలేదెవరన్న మాట వచ్చింది. ఏడాది నేను, ఏడాది మీరు అనుకున్నారు. మరి ముందెవరు? దాని మీదే పొద్దుగూకింది. విందు తిని, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఆ చేపలు జనం పట్టినవే, ఆ బొండాలు జనం దించినవే!

ఆ తర్వాత రెండో సభ. లంకని కలిపే ఖర్చెవరు భరించాలని. తూర్పు దివాను లేచి, "పడమటివాళ్ళు బీదవాళ్ళు. వాళ్ళని కలుపుకుంటే మా వాళ్ళు పస్తులుండాలి" అన్నాడు. పడమటి దివాను లేచి, "తూర్పువాళ్ళు కలిగినవాళ్ళు. కంచె తీస్తే మా రేవు మొత్తం కొనేస్తారు" అన్నాడు. పడమటివాళ్ళు బీదవాళ్ళు ఎందుకయ్యారో ఒక్కడూ అడగలేదు తల్లీ! కంచె వేసిందీ వీళ్ళే, సుంకం పిండిందీ వీళ్ళే. పీల్చి పిప్పి చేసి, పిప్పిగా ఉన్నారు గనక కలపం అంటారా? కంచె పోతే సుంకం పోతుంది, అదీ వాళ్ళ బాధ. ఆ మాట మాత్రం ఏ దివాను నోటా రాలేదు.

మూడో సభలో ఇళ్ళ సంగతి. "మాకు కలపాలనే ఉంది. కానీ ఎవరి ఇల్లు ఎవరికి? జనమే ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటారు, కావాలంటే చూడండి" అన్నారు దొరలు. వరాలునీ కాసులమ్మనీ పిలిపించి ఎదురెదురుగా నిలబెట్టారు.

"నా పనసచెట్టేదే?" అంది వరాలు, చూడగానే.

"నరికాను. గాలివానకి నీ ఇంటి కప్పు లేచిపోయింది. దూలాలు వెయ్యకపోతే మా అత్తా పిల్లలూ ఎక్కడుండాలి? మరి నా ఆవేదీ?" అంది కాసులమ్మ.

జమీందార్లు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మీసాల చాటున నవ్వుకున్నారు.

"నీ ఆవు ముసలిదై చచ్చిపోయింది. దాని పెయ్య ఉంది, తోలుకుపో. ఆ ఆవు పాలు పోసే నా బిడ్డని నిలబెట్టుకున్నాను, ఆ నీళ్ళు తాగి పీక్కుపోయిన బిడ్డని" అంది వరాలు.

"ఏ నీళ్ళు?"

"ఏ నీళ్ళేమిటి, ఉప్పునీళ్ళు! నా బావిలో చెంబుడు నీళ్ళడిగితే పొమ్మన్నారుగా."

కాసులమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "నన్నెవరడిగారే? బావి పక్కనేగా నేనుండేది. ఒక్క కేక వెయ్యకపోయావా?"

"వేశాను. బంటు నోరు ముయ్యమన్నాడు."

అప్పుడు కాసులమ్మ దొరల వైపు తిరిగింది.

"మేం పోట్లాడుకుంటాం దొరా. రేపూ పోట్లాడుకుంటాం, అది మా తగువు. మమ్మల్ని ఇళ్ళల్లోంచి ఈడ్చిందెవరు? బిడ్డ చస్తుంటే నీళ్ళు వద్దన్నదెవరు? చేసిందంతా మీరు చేసి, మా జుట్టూ మా జుట్టూ ముడేసి, అందుకే కంచె తియ్యలేమంటారా?"

"నా ఇల్లు నాక్కావాలి" అంది వరాలు. ఆవిడ కోపం ఇంకా తగ్గలేదు.

"ఇస్తాను. కానీ మా అత్తకి చూపు లేదు. నీ ఇంట్లో గోడలు తడుముకుంటూ తిరగడం నేర్చుకుంది. మళ్ళీ ఇల్లు మారిస్తే పడి చస్తుంది."

వరాలుకి ఇష్టం లేదు తల్లీ, ఎందుకుంటుంది? ఆఖరికి, "పెద్దావిడ ఉన్నన్నాళ్ళూ ఉండండి. బావి దగ్గర మాత్రం ఏ సగం వాళ్ళొచ్చినా కాదనకూడదు" అంది.

"అలాగే. కొబ్బరికాయల్లో సగం నీవి" అంది కాసులమ్మ.

దొరలు, దివాన్లు ఇన్నేళ్ళు తేల్చలేనిది వాళ్ళిద్దరూ నిలబడే తేల్చేశారు. అప్పుడు దివాన్లేమన్నారో తెలుసా? "ఇది చట్టంలో లేదు. వచ్చే ఏడాది సభలో చూద్దాం" అన్నారు! కుర్చీలు సర్దుకున్నారు.

జనం ఇక ఆగలేదు. మర్నాడు పొద్దున్నే రెండు వైపుల నుంచీ ఆడవాళ్ళు, మగవాళ్ళు కొడవళ్ళు, పీచు కొట్టే కర్రలు పట్టుకొచ్చారు. బంట్లు గుప్పెడుమంది, జనం లంకంతమంది. బంట్లు కర్రలు పారేసి పడవలెక్కారు. చేతులు చీరుకుపోతున్నా జనం ఆ ముళ్ళు కొట్టి, పొయ్యిల్లో పెట్టేశారు.

దొరలకి ఒళ్ళు మండింది. లంకకి బియ్యం పడవ రాకూడదన్నారు. అప్పుడు జనం చేపలు, దుంపలు, కొబ్బరి తిని బతికారు. చంటిపిల్లలున్న ఇళ్ళలో ఏడుపులే. కొందరు మగవాళ్ళు, దొరల కాళ్ళు పట్టుకుందాం పదండన్నారు. కాసులమ్మ, వరాలు వాళ్ళని ఆపి, డొక్కలు ఉప్పుటేట్లోకి మోయించారు. మళ్ళీ నానబెట్టారు, కొట్టారు, పేనారు.

ఆ తర్వాత గోదారికి వరదొచ్చింది. రెండు ఒడ్లలోనూ పుచ్చిన తాళ్ళు తెగి పడవలు కొట్టుకుపోయాయి. అప్పుడు పడవవాళ్ళు దొరల హుకుం పక్కన పెట్టి, బియ్యం వేసుకుని మొగలిలంక రేవుకి వచ్చారు. మోకులిమ్మన్నారు. ఇంక దొరలేం చేస్తారు? దిగొచ్చారు. లంకకి ఒకటే పన్ను, అది ఇద్దరికీ చెరిసగం. లంక పెద్దని లంకవాళ్ళే ఎన్నుకుంటారు, ఒకసారి తూర్పు మనిషి, ఒకసారి పడమటి మనిషి. ముందెవరో చీటీ వేసి తేల్చుకున్నారు. తాంబూలం నమిలేంత సేపు కూడా పట్టలేదు.

అందరికీ అన్నీ దక్కాయని చెప్పను. కొన్ని ఇళ్ళు అప్పటికే కూలిపోయాయి. కొందరు ముసలాళ్ళు తమ వాకిలి మళ్ళీ చూడకుండానే పోయారు. అది ఎవరు తెచ్చిస్తారు?

ఇంకోటి విను. జమీందార్లు ఇద్దరూ తమ తమ ఒడ్డున ఒక్కో రాయి పాతించారు. మొగలిలంకని కలిపిన మహారాజుని నేనే అని ఇద్దరూ చెక్కించుకున్నారు. వరాలు పేరు ఉందా అంటావా? లేదు. కాసులమ్మ పేరు? ఆ రాళ్ళ మీద ఎక్కడా లేదు. అందుకే నేను నీకు చెప్తున్నాను. రేపు నువ్వు ఎవరికైనా చెప్పేటప్పుడు ఆ ఇద్దరి పేర్లూ చెప్పు. దొరల పేర్లు నేను నీకు చెప్పనే లేదు, చూశావా?

దొరలు పోయిరి మేడకి,
పడవలు పోయె రేవుకి,
కథ పోయింది కంచికి,
కునుకు రావాలి కంటికి.