వీరభద్రం చోట

పైడయ్య మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆట చూడమనేవారు. ఆయన దగ్గర కబడ్డీ నేర్చుకున్న లోవరాజు ఒక పెద్ద ప్రొఫెషనల్ జట్టుకు కోచ్ అయ్యాక కూడా, చిక్కొస్తే ఆయననే వెతుక్కుంటూ వచ్చేవాడు.

ఆ ఏడు సీజను ముందు మాస్టారిని విశాఖలోని తమ శిబిరానికి పిలిపించుకున్నాడు. జట్టులో ఎడమ మూల కాసేవాడు వీరభద్రం, రైడరు మడమ దొరికితే వదలని మనిషి. అతనికి మోకాలు వాచింది. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నా బరి వదలడం లేదు. అతని చోటుకు అదనంగా ఇద్దరున్నారు. దానయ్య కుర్రవాడు, ఒంటరిగా పట్టు పట్టగల బలశాలి. ఇమ్మానుయేలు ముప్పై దాటినవాడు, రెండేళ్లుగా బెంచీ మీదే ఉన్నాడు. యాజమాన్యం ఒక్కణ్ణే ఉంచుకోమంది.

"ఇమ్మానుయేలును పంపేద్దామనుకుంటున్నాను మాస్టారూ. కానీ నోరు రావడం లేదు. దానయ్యను ఏ జట్టయినా తీసుకుంటుంది, ఇతనికి ఇదే ఆఖరి చోటు. అసలు ఆడనివాడి విలువ ఎలా కడతారు?"

ఆ సాయంత్రం ప్రాక్టీసులో మాస్టారు వీరభద్రాన్ని కూర్చోబెట్టి దానయ్యను దింపమన్నారు. దానయ్య చెలరేగిపోయాడు. వచ్చిన రైడరునల్లా లాగి పడేస్తుంటే లోవరాజు ముఖం విప్పారింది.

"బరికేసి కాదు, ఇటు చూడు," అన్నారు మాస్టారు.

బెంచీ మీద వీరభద్రం నిలవలేకపోతున్నాడు. మాటిమాటికీ లేచి, "తొందరపడకు, పక్కవాణ్ణి చూసుకో" అని కేకలు వేస్తున్నాడు. లేచినప్పుడల్లా పళ్ళు బిగబట్టి మోకాలు పట్టుకుంటున్నాడు.

విరామం తర్వాత ఇమ్మానుయేలు దిగాడు. అతను పట్టింది తక్కువ. రైడరును మూలకు రానివ్వకుండా మధ్యలోకి మళ్ళిస్తుంటే మిగతావాళ్ళు చుట్టుముట్టారు, పాయింట్లూ వాళ్ళ పేరనే పడ్డాయి. వీరభద్రం ఒకటి రెండుసార్లు తలెత్తి చూశాడు. తర్వాత కాలు చాపుకున్నాడు. కాసేపటికి గోడకు తల ఆనించి, అంత గోలలోనూ నిద్రపోయాడు.

లోవరాజు చాలాసేపు అతని వంకే చూస్తూ ఉండిపోయాడు.

ఆట ముగిశాక ఇమ్మానుయేలు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. పంపేస్తారన్న సంగతి అతని చెవిన పడే ఉంటుంది. "బ్యాగు సర్దుకోమంటారా సార్?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఎక్కడికి? రేపట్నుంచి వీరభద్రం చోట నువ్వే దిగుతున్నావు," అన్నాడు లోవరాజు.

ఇమ్మానుయేలు తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఆ మాట వీరభద్రానికీ చెబుదామని లోవరాజు అతని భుజం తట్టబోతే, మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"వాడికి చెప్పక్కర్లేదురా. పడుకోనీ."